ఫుట్‌బాల్ క్రీడాకారుల ఒప్పందాలు

వృత్తిరీత్యా ఫుట్‌బాల్ ఆడే క్రీడాకారుడు తన క్లబ్బుతో వ్రాతపూర్వకంగా కుదుర్చుకునే ఉద్యోగ ఒప్పందాన్ని ఫుట్‌బాల్ క్రీడాకారుని ఒప్పందం అంటారు. ఆటగాడు ఎంత కాలం ఆ క్లబ్బు తరఫున ఆడాలి, అందుకు క్లబ్బు ఎంత వేతనం చెల్లించాలి, గాయపడితే ఏమవుతుంది, గడువుకు ముందే విడిపోవాలంటే ఏ షరతులు వర్తిస్తాయి మొదలగు విషయాలు ఇందులో ఉంటాయి. జట్టుకు పదకొండు మంది చొప్పున ఆడే, కొన్ని దేశాలలో సాకర్ అని పిలువబడే క్రీడకు సంబంధించిన ఒప్పందాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

సాధారణ ఉద్యోగి నోటీసు ఇచ్చి ఒక సంస్థను వదలి మరొక సంస్థలో చేరవచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడికి అటువంటి వెసులుబాటు లేదు. ఒప్పందం గడువు ముగియక ముందే వేరొక క్లబ్బుకు వెళ్ళాలంటే పాత క్లబ్బు అంగీకరించాలి. సాధారణంగా కొత్త క్లబ్బు అందుకు కొంత సొమ్ము కూడా చెల్లిస్తుంది. ఒకప్పుడు గడువు ముగిసిన తరువాత కూడా ఆటగాడిని పాత క్లబ్బు తన వద్దనే ఉంచుకోగలిగేది. ఆటగాడు క్లబ్బుకు ఉద్యోగి మాత్రమేనా, లేక ఆస్తి కూడానా అన్న ప్రశ్న ఈ ఒప్పందాల చరిత్ర పొడవునా కనిపిస్తుంది. ఇప్పుడు అమలులో ఉన్న నియమాలలో చాలావరకు ఆ ప్రశ్నపై న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పుల ఫలితమే.

ఒప్పందం, నమోదు

ఫుట్‌బాల్‌లో ఆటగాడిని క్లబ్బుతో ముడివేసే బంధాలు రెండు. మొదటిది ఉద్యోగ ఒప్పందం. ఇది క్లబ్బుకు, ఆటగాడికి మధ్య జరిగేది. రెండవది నమోదు. ఆటగాడి పేరును ఫలానా క్లబ్బు ఆటగాడిగా ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య వద్ద నమోదు చేస్తారు. నమోదు లేనిదే అధికారిక పోటీలలో ఆడడం కుదరదు. ఒక ఆటగాడు ఒకే సమయంలో ఒకే క్లబ్బు వద్ద నమోదై ఉండాలి.

ఒక క్లబ్బు మరొక క్లబ్బు నుండి ఆటగాడిని కొన్నదని పత్రికలలో వ్రాసినప్పుడు నిజానికి చేతులు మారేది ఈ నమోదు మాత్రమే. పాత క్లబ్బు తన ఒప్పందాన్ని రద్దు చేసుకొని నమోదును వదులుకుంటుంది. అందుకు ప్రతిఫలంగా కొత్త క్లబ్బు చెల్లించే సొమ్మే బదిలీ రుసుము. ఆ తరువాత ఆటగాడు కొత్త క్లబ్బుతో పూర్తిగా కొత్త ఒప్పందం వ్రాసుకుంటాడు. కాబట్టి రెండు క్లబ్బులు ఎంత సొమ్ముకు ఒప్పుకున్నా ఆటగాడు సంతకం చేయకపోతే బదిలీ జరగదు.

ఈ రెండు బంధాల మధ్య తేడాకు 2021లో లియొనెల్ మెస్సీ బార్సెలోనాను వీడిన ఘటన మంచి ఉదాహరణ. 2021 జూన్ 30తో అతని ఒప్పందం ముగిసింది. కొత్త ఒప్పందానికి క్లబ్బు, ఆటగాడు ఇద్దరూ సుముఖంగానే ఉన్నారు. కానీ స్పెయిన్ లీగ్ విధించిన వేతన పరిమితి కారణంగా అతనిని నమోదు చేయడం సాధ్యపడలేదు. ఆ ఏడాది ఆగష్టులో అతను పారిస్ సెయింట్ జెర్మైన్ క్లబ్బులో చేరాడు.

చరిత్ర

నిలుపుదల, బదిలీ పద్ధతి

ఇంగ్లాండు ఫుట్‌బాల్ అసోసియేషన్ 1885లో ఆటగాళ్ళకు జీతాలివ్వడాన్ని చట్టబద్ధం చేసింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ ఏర్పడింది. ధనిక క్లబ్బులు మంచి ఆటగాళ్ళనందరినీ తమవైపు లాగేసుకుంటాయన్న భయంతో లీగ్ 1893లో నిలుపుదల, బదిలీ పద్ధతిని ప్రవేశపెట్టింది. అప్పట్లో ఒప్పందాలు ఒక్క సీజనుకే ఉండేవి. సీజను చివర ప్రతి క్లబ్బు తాను నిలుపుకోదలచిన ఆటగాళ్ళ జాబితాను తయారు చేసేది. ఆ జాబితాలో పేరున్న ఆటగాడు ఒప్పందం ముగిసిపోయినా వేరొక క్లబ్బులో చేరడానికి వీలులేదు. పాత క్లబ్బుతో కొత్త ఒప్పందానికి ఒప్పుకోకపోతే జీతమూ రాదు, లీగ్‌లో మరెక్కడా ఆడే అవకాశమూ ఉండదు.

దీనికి తోడు 1901 నుండి వారానికి 4 పౌండ్లకు మించి ఏ ఆటగాడికీ జీతం ఇవ్వరాదన్న గరిష్ఠ వేతన నియమం అమలులోకి వచ్చింది. ఆటగాళ్ళ జీతాలపై పరిమితి ఉన్నది కానీ వారి బదిలీకి క్లబ్బులు తీసుకునే సొమ్ముపై అటువంటి పరిమితి నిలువలేదు. 1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడి బదిలీకి మిడిల్స్‌బ్రో క్లబ్బు సండర్లాండ్ క్లబ్బుకు 1,000 పౌండ్లు చెల్లించింది. బదిలీ రుసుము వెయ్యి పౌండ్లకు చేరడం అదే మొదటిసారి. వారానికి నాలుగు పౌండ్ల చొప్పున అంత సొమ్ము సంపాదించాలంటే ఒక ఆటగాడికి దాదాపు అయిదేళ్ళు పడుతుంది.

ఈ పరిస్థితులకు వ్యతిరేకంగా 1907 డిసెంబరు 2న మాంచెస్టర్‌లో బిల్లీ మెరెడిత్, చార్లీ రాబర్ట్స్ తదితరులు ఆటగాళ్ళ సంఘాన్ని స్థాపించారు. ఈ సంఘమే నేటి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్స్ అసోసియేషన్. సంఘం మద్దతుతో 1912లో లారెన్స్ కింగాబీ అనే ఆటగాడు ఆస్టన్ విల్లా క్లబ్బుపై దావా వేసి ఓడిపోయాడు. ఆ ఖర్చులతో సంఘం దాదాపు దివాలా తీసింది. ఆ తరువాత యాభై సంవత్సరాల వరకు ఈ పద్ధతి చెక్కుచెదరలేదు.

గరిష్ఠ వేతనం రద్దు

1950ల చివరి నాటికి గరిష్ఠ వేతనం సీజనులో వారానికి 20 పౌండ్లకు పెరిగింది. స్టేడియంలు నిండుతున్నా ఆటగాడి జీతం ఒక నైపుణ్యం గల కార్మికుని జీతానికి ఎంతో ఎక్కువగా ఉండేది కాదు. సంఘం అధ్యక్షుడు జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళు సమ్మెకు సిద్ధపడ్డారు. సమ్మెకు కొద్ది రోజుల ముందు, 1961 జనవరిలో, లీగ్ గరిష్ఠ వేతనాన్ని రద్దు చేసింది. ఫుల్హామ్ క్లబ్బుకు చెందిన జానీ హేన్స్ వారానికి 100 పౌండ్లు పొందిన ఆటగాడిగా ప్రసిద్ధి పొందాడు.

ఈస్ట్‌హామ్ కేసు

జార్జ్ ఈస్ట్‌హామ్ న్యూకాజిల్ యునైటెడ్ ఆటగాడు. 1960లో ఒప్పందం ముగిసినప్పుడు అతను క్లబ్బు మారాలనుకున్నాడు. క్లబ్బు నిరాకరించి అతని పేరును నిలుపుదల జాబితాలో ఉంచింది. దాంతో ఈస్ట్‌హామ్ ఆట మానేసి దక్షిణ ఇంగ్లాండులో ఒక మిత్రుని వ్యాపారంలో పనికి కుదిరాడు. కొన్ని నెలల తరువాత క్లబ్బు దిగివచ్చి 47,500 పౌండ్లకు అతనిని ఆర్సెనల్‌కు బదిలీ చేసింది. తాను కోరుకున్నది దొరికినా, ఆటగాళ్ళ సంఘం అండతో అతను దావాను కొనసాగించాడు. 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, ఒప్పందం ముగిసిన ఆటగాడిని నిలిపి ఉంచడం వృత్తి స్వేచ్ఛపై అసమంజసమైన ఆంక్ష అని తీర్పు చెప్పాడు.

ఈ తీర్పుతో నిలుపుదల పద్ధతి బలహీనపడినా బదిలీ రుసుము మాత్రం మిగిలింది. ఒప్పందం ముగిసిన తరువాత క్లబ్బు మారే హక్కు ఇంగ్లాండు ఆటగాళ్ళకు 1978లో లభించింది. అప్పుడు కూడా కొత్త క్లబ్బు రుసుము చెల్లించవలసి ఉండేది. ఎంత అన్నదానిపై రెండు క్లబ్బులకు అంగీకారం కుదరకపోతే ఒక ట్రిబ్యునల్ నిర్ణయించేది.

బోస్మన్ తీర్పు

జాన్-మార్క్ బోస్మన్ బెల్జియం రెండవ శ్రేణి ఆటగాడు కాదు, కానీ పేరు మోసిన ఆటగాడూ కాదు. ఆర్.ఎఫ్.సి. లీజ్ క్లబ్బుతో అతని ఒప్పందం 1990 జూన్‌లో ముగిసింది. అంతవరకు నెలకు సగటున 1,20,000 బెల్జియం ఫ్రాంకులు పొందుతున్న అతనికి క్లబ్బు 30,000 ఫ్రాంకులతో కొత్త ఒప్పందం ఇవ్వజూపింది. అతను నిరాకరించాడు. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బు అతనిని తీసుకోవడానికి ముందుకు వచ్చింది. అయితే డంకర్క్ సొమ్ము చెల్లించగలదా అన్న అనుమానంతో లీజ్ క్లబ్బు బదిలీ పత్రాన్ని పంపే ఏర్పాటు చేయలేదు. బోస్మన్‌కు పాత క్లబ్బులో ఆట లేదు, కొత్త క్లబ్బుకు వెళ్ళే దారీ లేదు.

అతను న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. అయిదేళ్ళ తరువాత, 1995 డిసెంబరు 15న, లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం రెండు ముఖ్యమైన అంశాలపై తీర్పునిచ్చింది.

1. ఐరోపా సమాఖ్య దేశాల పౌరుడైన ఆటగాడు ఒప్పందం ముగిసిన తరువాత సమాఖ్యలోని మరొక దేశపు క్లబ్బులో చేరినప్పుడు పాత క్లబ్బు రుసుము కోరడం చెల్లదు. అది కార్మికుల స్వేచ్ఛా సంచార హక్కుకు విరుద్ధం.

2. క్లబ్బు పోటీలలో సమాఖ్యలోని ఇతర దేశాల ఆటగాళ్ళ సంఖ్యపై పరిమితి విధించడం చెల్లదు.

ఈ తీర్పు ప్రభావం బేరసారాలపై బాగా కనిపించింది. గడువు ముగిసిన ఆటగాడికి కొత్త క్లబ్బు రుసుము చెల్లించనవసరం లేదు కనుక, మిగిలిన సొమ్ములో కొంత భాగం ఆటగాడికి జీతంగానో సంతకపు బోనసుగానో దక్కడం మొదలైంది. 1996లో ఎడ్గార్ డావిడ్స్ అజాక్స్ నుండి ఏసీ మిలాన్‌కు, 1999లో స్టీవ్ మెక్‌మనమన్ లివర్‌పూల్ నుండి రియల్ మాడ్రిడ్‌కు, 2024లో కిలియన్ ఎంబాపే పారిస్ సెయింట్ జెర్మైన్ నుండి రియల్ మాడ్రిడ్‌కు ఈ విధంగానే రుసుము లేకుండా వెళ్ళారు. ఆటగాడిని ఉచితంగా పోగొట్టుకోకూడదని క్లబ్బులు గడువుకు ఒకటి రెండేళ్ళ ముందే కొత్త ఒప్పందం ఇవ్వజూపడమో, అమ్మివేయడమో చేయసాగాయి. బోస్మన్‌కు మాత్రం దీని ఫలితం అందలేదు. కేసు నడిచిన కాలంలోనే అతని క్రీడా జీవితం దాదాపుగా ముగిసిపోయింది.

2001 తరువాత

గడువు మధ్యలో జరిగే బదిలీలపై కూడా ఐరోపా కమిషన్ అభ్యంతరం తెలపడంతో ఫిఫా, యుయెఫా సంస్థలు చర్చలు జరిపి 2001లో కొత్త నియమాలకు అంగీకరించాయి. ఆటగాళ్ళ హోదా, బదిలీలకు సంబంధించిన ఫిఫా నియమావళి అప్పటి నుండి పలుమార్లు సవరించబడుతూ ప్రపంచమంతటా అమలులో ఉంది. ఈ నియమావళికి లోబడి ఆయా దేశాల సమాఖ్యలు, కార్మిక చట్టాలు తమ తమ నిబంధనలను కలుపుతాయి.

ఒప్పందంలోని ముఖ్యాంశాలు

గడువు

ఫిఫా నియమావళి ప్రకారం ఒప్పందం కనీసం సంతకం చేసిన సీజను ముగిసే వరకు ఉండాలి. గరిష్ఠ కాలం 5 సంవత్సరాలు. దేశ చట్టం అనుమతిస్తే అంతకంటే ఎక్కువ కాలానికి కూడా వ్రాసుకోవచ్చు. 18 ఏళ్ళు నిండని ఆటగాళ్ళ ఒప్పందం 3 సంవత్సరాలకు మించరాదు.

దీర్ఘకాల ఒప్పందాల వెనుక లెక్కల కారణం కూడా ఉంది. క్లబ్బులు చెల్లించిన బదిలీ రుసుమును ఒప్పందం నిడివిపై సంవత్సరాల వారీగా పంచి ఖర్చు వ్రాస్తాయి. 5 కోట్ల పౌండ్లకు కొన్న ఆటగాడితో అయిదేళ్ళ ఒప్పందం ఉంటే ఏడాదికి కోటి పౌండ్ల ఖర్చు. ఎనిమిదేళ్ళు ఉంటే ఏడాదికి 62.5 లక్షలు మాత్రమే. చెల్సీ క్లబ్బు ఈ విధంగా పలువురితో ఏడెనిమిదేళ్ళ ఒప్పందాలు చేసుకున్న తరువాత, ఇటువంటి పంపకాన్ని అయిదేళ్ళకు పరిమితం చేస్తూ 2023లో యుయెఫా, ప్రీమియర్ లీగ్ నిబంధనలు మార్చాయి.

వేతనం, బోనసులు

ఇంగ్లాండులో జీతాన్ని వారానికి ఇంత అని చెప్పడం పాత సంప్రదాయం. మిగిలిన దేశాలలో ఎక్కువగా నెలకో, ఏడాదికో లెక్కిస్తారు. మూల వేతనానికి తోడు ఆడిన మ్యాచ్‌లు, చేసిన గోల్స్, గెలిచిన ట్రోఫీలను బట్టి బోనసులు ఉండవచ్చు. జట్టు కింది శ్రేణికి పడిపోతే జీతం ఇంత శాతం తగ్గుతుందన్న షరతును కొన్ని క్లబ్బులు చేర్చుతాయి. ఆటగాడి పేరు, బొమ్మలను ప్రకటనలలో వాడుకునే హక్కులకు వేరే ఒప్పందం ఉండడం పరిపాటి.

విడుదల షరతు

ఒప్పందంలో ముందుగానే వ్రాసుకున్న మొత్తాన్ని చెల్లిస్తే ఆటగాడిని వదిలిపెట్టాలన్న నిబంధనను విడుదల షరతు అంటారు. స్పెయిన్‌లో క్రీడాకారుల ఉద్యోగాలకు సంబంధించిన 1985 నాటి రాజ శాసనం ప్రకారం ఆటగాడు పరిహారం చెల్లించి ఒప్పందాన్ని ముగించుకోవచ్చు. అందువలన అక్కడి ఒప్పందాలలో ఈ మొత్తం దాదాపుగా తప్పనిసరిగా కనిపిస్తుంది. 2017లో నేమార్ బార్సెలోనా నుండి పారిస్ సెయింట్ జెర్మైన్‌కు మారినప్పుడు చెల్లించిన 22.2 కోట్ల యూరోలు ఈ షరతు ప్రకారం చెల్లించినవే. బార్సెలోనా అతనిని వదులుకోవడానికి ఇష్టపడకపోయినా ఆపలేకపోయింది.

క్రమశిక్షణ, ఆరోగ్యం

శిక్షణకు హాజరు కావడం, శరీర దారుఢ్యాన్ని కాపాడుకోవడం, ప్రమాదకరమైన ఇతర క్రీడలకు దూరంగా ఉండడం ఆటగాడి బాధ్యతలు. వేతనం, వైద్యం క్లబ్బు బాధ్యతలు. ఆటలో గాయపడినంత మాత్రాన వెంటనే జీతం ఆపివేయడానికి వీలులేదు. ఇంగ్లాండు ప్రామాణిక ఒప్పందంలో క్రమశిక్షణ తప్పిన ఆటగాడికి విధించే జరిమానా సాధారణంగా రెండు వారాల జీతానికి మించరాదు. వైద్య పరీక్షలో నెగ్గితేనే ఒప్పందం చెల్లుతుందన్న షరతు పెట్టడాన్ని ఫిఫా నిషేధించింది. అందుచేతనే క్లబ్బులు సంతకానికి ముందే వైద్య పరీక్షలు పూర్తి చేస్తాయి.

బదిలీ విధానాలు

ఏటా రెండు నిర్ణీత గడువులలో మాత్రమే ఆటగాళ్ళ నమోదు జరుగుతుంది. ఒప్పందం నడుస్తున్న ఆటగాడితో మాట్లాడదలచిన క్లబ్బు ముందుగా అతని క్లబ్బుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒప్పందం ముగియడానికి ఆరు నెలలు మాత్రమే మిగిలి ఉన్నప్పుడు ఆటగాడు నేరుగా వేరొక క్లబ్బుతో ఒప్పందం చేసుకోవచ్చు. 2010 అక్టోబరు నుండి అంతర్జాతీయ బదిలీలకు ఇరు క్లబ్బులు ఫిఫా కంప్యూటర్ వ్యవస్థలో ఒకే వివరాలను నమోదు చేయడం తప్పనిసరి అయింది.

లోన్: ఆటగాడిని కొంత కాలానికి మరొక క్లబ్బుకు పంపడాన్ని లోన్ అంటారు. ఆ కాలంలో అసలు క్లబ్బుతో ఒప్పందం రద్దు కాదు, నిలిచి ఉంటుంది. క్లబ్బులు పదుల సంఖ్యలో ఆటగాళ్ళను లోన్‌పై పంపుతుండడంతో 2022లో ఫిఫా దీనిపై పరిమితులు విధించింది. ఒక లోన్ ఏడాదికి మించరాదు.

శిక్షణ పరిహారం: చిన్న క్లబ్బులు పిల్లలను తీర్చిదిద్దితే పెద్ద క్లబ్బులు వారిని తీసుకుపోతాయన్న వాదనకు ఇది సమాధానం. ఆటగాడు తొలి వృత్తి ఒప్పందం చేసుకున్నప్పుడు, ఆ తరువాత 23 ఏళ్ళ వయసు వరకు అంతర్జాతీయంగా క్లబ్బు మారినప్పుడు, అతనికి శిక్షణనిచ్చిన క్లబ్బుకు పరిహారం అందుతుంది. ఇంగ్లాండులో 24 ఏళ్ళ లోపు ఆటగాడు గడువు ముగిసి వెళ్ళినా, పాత క్లబ్బు మునుపటికి తగ్గని కొత్త ఒప్పందం ఇవ్వజూపి ఉంటే దానికి పరిహారం దక్కుతుంది. 2015లో బర్న్‌లీ నుండి లివర్‌పూల్‌కు వెళ్ళిన డానీ ఇంగ్స్ విషయంలో ట్రిబ్యునల్ 65 లక్షల పౌండ్లను నిర్ణయించింది.

సంఘీభావ వాటా: గడువు మధ్యలో రుసుముతో బదిలీ జరిగినప్పుడు రుసుములో 5 శాతాన్ని, ఆటగాడు 12 నుండి 23 ఏళ్ళ వయసు మధ్య ఆడిన క్లబ్బులకు పంచుతారు. 12 నుండి 15 ఏళ్ళ మధ్య ప్రతి ఏడాదికి ఈ వాటాలో 5 శాతం, 16 నుండి 23 ఏళ్ళ మధ్య ప్రతి ఏడాదికి 10 శాతం. ఉదాహరణకు రుసుము కోటి యూరోలైతే వాటా 5 లక్షలు. 16 ఏళ్ళ వయసులో ఒక ఏడాది శిక్షణనిచ్చిన గ్రామీణ క్లబ్బుకు ఇందులో 50,000 యూరోలు రావాలి. ఈ సొమ్ము సరిగా చేరేలా చూడడానికి 2022 నవంబరులో పారిస్ కేంద్రంగా ఫిఫా ఒక చెల్లింపు సంస్థను ప్రారంభించింది.

ఒప్పందం ఉల్లంఘన

సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని తెంచుకున్న పక్షం పరిహారం చెల్లించాలి. 28వ పుట్టినరోజుకు ముందు సంతకం చేసిన ఒప్పందంలో మొదటి మూడు సీజన్లు లేదా మూడేళ్ళు, ఆ తరువాత సంతకం చేసిన దానిలో మొదటి రెండు రక్షిత కాలంగా పరిగణించబడతాయి. ఈ కాలంలో ఒప్పందాన్ని ఉల్లంఘించిన ఆటగాడిపై కనీసం నాలుగు నెలల నిషేధం కూడా ఉంటుంది. తగాదాలను మొదట ఫిఫా న్యాయ విభాగం, ఆపై స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం విచారిస్తాయి.

పరిహారాన్ని ఏ విధంగా లెక్కించాలన్న దానిపై వెలువడిన కొన్ని ముఖ్యమైన నిర్ణయాలు:

ఆండీ వెబ్‌స్టర్: స్కాట్లాండులోని హార్ట్స్ క్లబ్బును రక్షిత కాలం ముగిసిన తరువాత 2006లో వీడాడు. ఒప్పందంలో మిగిలిన ఏడాది జీతానికి సమానంగా 1,50,000 పౌండ్లు చెల్లిస్తే చాలునని 2008లో మధ్యవర్తిత్వ న్యాయస్థానం తేల్చింది.

మతుజలెమ్: షఖ్తార్ డొనెట్స్క్ క్లబ్బును 2007లో ఇదే విధంగా వీడాడు. మిగిలిన జీతాన్ని కాక ఆటగాడి విలువను పరిగణనలోకి తీసుకొని 2009లో సుమారు 1.19 కోట్ల యూరోల పరిహారం విధించారు. సొమ్ము చెల్లించనందుకు అతనిపై విధించదలచిన నిరవధిక నిషేధాన్ని స్విట్జర్లాండు సమాఖ్య న్యాయస్థానం 2012లో కొట్టివేసింది. అప్పు తీర్చలేదన్న కారణంతో మనిషి వృత్తినే శాశ్వతంగా ఆపివేయడం వ్యక్తి హక్కులకు విఘాతమని ఆ న్యాయస్థానం భావించింది.

ఆడ్రియన్ ముటు: మాదకద్రవ్యం తీసుకున్నట్లు పరీక్షలో తేలడంతో చెల్సీ 2004లో అతనిని తొలగించింది. తప్పు ఆటగాడిదే కనుక క్లబ్బుకు 1.7 కోట్లకు పైగా యూరోలు చెల్లించాలని 2009లో నిర్ణయం వెలువడింది.

లసానా డియారా: 2014లో లోకోమోటివ్ మాస్కో క్లబ్బుతో జీతం విషయమై తగాదా వచ్చి ఒప్పందం తెగిపోయింది. అతను 1.05 కోట్ల యూరోలు చెల్లించాలని ఫిఫా నిర్ణయించింది. అప్పటి నియమాల ప్రకారం అతనిని చేర్చుకునే క్లబ్బు కూడా ఈ పరిహారానికి బాధ్యత వహించాలి. ఆ భయంతో బెల్జియంలోని షార్లెరోయ్ క్లబ్బు వెనుకడుగు వేసింది. ఈ నియమాలలో కొన్ని స్వేచ్ఛా సంచారానికి, పోటీ చట్టానికి విరుద్ధమని 2024 అక్టోబరు 4న ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ తరువాత ఫిఫా, కొత్త క్లబ్బే ఆటగాడిని ప్రేరేపించిందని ముందుగా భావించే నిబంధనను తొలగించింది.

ఉల్లంఘనకు పాల్పడేది ఆటగాళ్ళు మాత్రమే కాదు. జీతాలు ఎగవేసే క్లబ్బులు కూడా అనేకం. వరుసగా కాకపోయినా కనీసం రెండు నెలల జీతం బకాయిపడిన క్లబ్బుకు ఆటగాడు 15 రోజుల నోటీసు ఇచ్చి ఒప్పందాన్ని ముగించుకోవచ్చునన్న నియమం 2018లో చేరింది. ఒంటరిగా శిక్షణ పొందమని చెప్పడం వంటి వేధింపులతో ఆటగాడిని తనంతట తానే వెళ్ళిపోయేలా చేయడాన్ని కూడా ఆ సవరణ తప్పుగా పేర్కొన్నది.

ప్రత్యేక రక్షణలు

18 ఏళ్ళు నిండని పిల్లల అంతర్జాతీయ బదిలీని 2001 నియమాలు సాధారణంగా నిషేధిస్తాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో వేరొక దేశానికి తరలడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. విదేశీ అవకాశమని నమ్మించి తీసుకువెళ్ళి, నచ్చకపోతే పిల్లలను పరాయి దేశంలో వదిలివేసే దళారులను అరికట్టడం దీని ఉద్దేశం. ఈ నియమాన్ని అతిక్రమించినందుకు 2014లో బార్సెలోనాపై, 2016లో రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్ క్లబ్బులపై కొత్త ఆటగాళ్ళ నమోదు నిషేధం విధించారు.

మహిళా క్రీడాకారులకు కనీసం 14 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. గర్భవతి అయినందుకు ఒప్పందాన్ని రద్దు చేయరాదు. ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్‌కు గర్భిణిగా ఉన్న కాలంలో చెల్లించని జీతం కింద 82,000 యూరోలకు పైగా ఇవ్వాలని ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్బును ఫిఫా 2022లో ఆదేశించింది.

ఆటగాడి భవిష్యత్ బదిలీ సొమ్ములో పెట్టుబడిదారులు వాటాలు కొనుక్కునే మూడవ పక్షపు యాజమాన్యం దక్షిణ అమెరికాలోనూ పోర్చుగల్‌లోనూ విస్తృతంగా ఉండేది. కార్లోస్ టెవెజ్, హవియర్ మస్కెరానోల ఒప్పందాలలో ఇటువంటి వివరాలను దాచినందుకు వెస్ట్‌హామ్ క్లబ్బుపై 2007లో ప్రీమియర్ లీగ్ 55 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. 2015 మే 1 నుండి ఫిఫా ఈ పద్ధతిని పూర్తిగా నిషేధించింది.

భారతదేశంలో

భారతదేశంలో చాలా కాలం ఫుట్‌బాల్ అధికారికంగా ఔత్సాహిక క్రీడగానే ఉన్నది. ఆటగాళ్ళకు క్లబ్బు ఒప్పందం కంటే పోలీసు శాఖ, రైల్వేలు, బ్యాంకులు ఇచ్చే ఉద్యోగమే ఆధారం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఇందుకు ఉదాహరణ. సికిందరాబాదు ప్రాంతానికి చెందిన తులసీదాస్ బలరామ్ వంటి వారు కలకత్తా క్లబ్బులకు వెళ్ళారు. 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఉద్యోగాన్ని కాదని ఆటనే జీవనాధారం చేసుకున్నాడు. అందుకే అతనిని దేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారునిగా పలువురు పేర్కొంటారు.

1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్, 2007లో ఐ-లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ప్రారంభమైన తరువాత వ్రాతపూర్వక వృత్తి ఒప్పందాలు సాధారణమయ్యాయి. బైచుంగ్ భూటియా చొరవతో 2006లో భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘం ఏర్పడింది. 2024లో అన్వర్ అలీ మోహన్ బగాన్‌తో ఉన్న నాలుగేళ్ళ లోన్ ఒప్పందాన్ని తెంచుకొని ఈస్ట్ బెంగాల్‌లో చేరడం పెద్ద వివాదమైంది. అతనిపై నాలుగు నెలల నిషేధంతో పాటు అతను, ఈస్ట్ బెంగాల్, మాతృ క్లబ్బు ఢిల్లీ ఎఫ్.సి. కలిసి 12.90 కోట్ల రూపాయలు చెల్లించాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కమిటీ ఆదేశించింది. ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. రెండేళ్ళు తిరగకముందే, 2023-24 సీజనులో, జీతాల బకాయిల కారణంగా పలువురు ఆటగాళ్ళు క్లబ్బును వీడారు. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం కూడా పడింది. 2025లో ఈ క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. అదే సంవత్సరం లీగ్ వాణిజ్య హక్కుల ఒప్పందం పునరుద్ధరణ కాక సీజను వాయిదా పడినప్పుడు కొన్ని క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలను నిలిపివేశాయి. గడువు మిగిలి ఉన్న ఒప్పందం చేతిలో ఉండడం ఒక ఎత్తు, దాని ప్రకారం జీతం అందడం మరొక ఎత్తు. బకాయిలకు సంబంధించిన ఫిఫా నియమాలు భారతీయ ఆటగాళ్ళకు ముఖ్యమైనది అందువల్లనే.